వరద తీసిన తర్వాత

మా కర్నూలు పాతబస్తీలో ఒక దర్జీ సోదరుడున్నారు. పెళ్ళిళ్ళ సీజన్ వచ్చిందంటే ఆయన దుకాణంలో రాత్రి ఇషా నమాజు తర్వాత కూడా మిషన్ చప్పుడు వినపడుతుండేది. ఆయన కోత కోసి మిషన్ మీద కుట్టేవారు. కాజాలు, గుండీలు, చేతికుట్టు పని అంతా ఇంట్లో ఆయన భార్య చేసేది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఇద్దరి చేతులూ కలిస్తేనే ఒక షేర్వానీ పూర్తయ్యేది.

2021 మే నెలలో, కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్న రోజుల్లో, ఆ ఇల్లాలు ఆసుపత్రిలో చేరిన ఆరో రోజున కన్నుమూసింది. ఆమె ముఖం కడసారి చూసే అవకాశం ఆయనకు దక్కలేదు. జనాజాకు భుజం ఇచ్చే భాగ్యం దక్కలేదు. ఒళ్ళంతా కప్పే దుస్తులు వేసుకున్న నలుగురు కుర్రాళ్ళు ఖననం చేశారు. ఆయన ఖబ్రస్తాన్ గేటు దగ్గర, దూరంగా నిలబడి దుఆ చేసుకున్నారు. ఇళ్ళకు వెళ్ళి పరామర్శించే రోజులు కావవి. నేను ఫోన్ చేసి, అందరూ అన్నట్టే "సబర్ చేయండి భాయ్" అన్నాను. ఇంకో రెండు మంచి మాటలు చెప్పి ఫోన్ పెట్టేశాను. నా బాధ్యత తీరిందనుకున్నాను.

ఆరు నెలలు గడిచాయి. దుకాణం తలుపు తెరుచుకోలేదు. మిషన్ మీద కప్పిన గుడ్డ తీయలేదు. ఒకరోజు అస్ర్ నమాజు తర్వాత అందరూ వెళ్ళిపోయినా ఆయన మస్జిదు స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నారు. నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన ఉర్దూలో అన్న మాటలను తెలుగులో చెబుతున్నాను.

"మౌల్సాబ్, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. మీరూ, మిగతా పెద్దలూ అందరూ నన్ను సబర్ చేయమన్నారు. ఎట్లా చేయాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. 2009లో తుంగభద్ర వరదలో మా ఇల్లంతా పోయింది. మిషన్ పోయింది, ఇచ్చినవాళ్ళ గుడ్డలు పోయాయి. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఎందుకంటే ఆమె ఉంది. ఇప్పుడు ఇల్లు ఉంది, మిషన్ ఉంది. నేనేం చేయాలి?"

ముప్పై ఏళ్ళుగా పిల్లలకు దీన్ పాఠాలు చెబుతున్నవాణ్ణి. సబర్ మీద ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. ఆ సాయంత్రం నా దగ్గర జవాబు లేదు. మగ్రిబ్ అజాన్ అయ్యేదాకా ఆయన పక్కన ఊరికే కూర్చున్నాను. ఇంటికి వచ్చి, ఇన్నాళ్ళూ చదివిన గ్రంథాలనే మళ్ళీ తెరిచాను. ఈసారి పాఠం చెప్పడానికి కాదు, నేర్చుకోవడానికి.

సబర్ అంటే ఏడవకపోవడమా?

'సబ్ర్' అనే అరబ్బీ పదానికి మూలార్థం పట్టి నిలపడం, అదుపులో ఉంచడం. చేదుగా ఉండే కలబంద రసానికి కూడా అరబ్బీలో ఇదే మూలం నుంచి పేరు వచ్చింది. అంటే చేదు చేదుగానే ఉంటుంది. దాన్ని తియ్యగా ఉందని చెప్పమని ధర్మం ఎవరినీ అడగలేదు. మింగి నిలబడమంది, అంతే.

మన ఇళ్ళలో జరిగేది వేరు. కన్నీరు పెట్టినవాణ్ణి చూసి, "ఏడవకండి, ఈమాన్ బలహీనపడుతుంది" అంటాం. దైవప్రవక్త ముహమ్మద్ (స) గారి పసిబిడ్డ ఇబ్రాహీం హిజ్రీ 10వ సంవత్సరంలో ఒడిలోనే ప్రాణం విడిచినప్పుడు ఆ మహనీయుని కళ్ళు వర్షించాయి. పక్కనే ఉన్న హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యపోయి, తమరు కూడానా అని అడిగారు. అందుకు ప్రవక్త (స), ఇది కారుణ్యమని చెప్పారు. కన్ను కార్చేది కారుస్తుందనీ, హృదయం బాధపడుతుందనీ, నోటితో మాత్రం ప్రభువుకు ఇష్టమైనదే పలుకుతామనీ వివరించారు. చూశారా, అదుపు నోటికి పెట్టారు గాని కంటికి పెట్టలేదు!

దివ్య ఖుర్ఆన్‌లో 'సబ్రున్ జమీల్', అంటే సుందరమైన సహనం అనే మాట హజ్రత్ యాఖూబ్ (అ) నోట వస్తుంది. ఆ సుందర సహనానికి ఉదాహరణగా నిలిచిన ఆ ప్రవక్తే, కొడుకు యూసుఫ్ (అ) కోసం ఏడ్చి ఏడ్చి కళ్ళు తెల్లబడిపోయిన తండ్రి. కుమారులు ఆక్షేపిస్తే, నా బాధను అల్లాహ్‌తోనే మొరపెట్టుకుంటున్నానని అన్నారు. ఇన్నేళ్ళూ ఈ ఘట్టాన్ని పిల్లలకు చెబుతూ నేను గమనించని సంగతి ఒకటుంది. ఆ మాట అన్న వెంటనే ఆయన ఊరుకోలేదు. కుమారులను పిలిచి, వెళ్ళండి, యూసుఫ్‌నూ అతని తమ్ముణ్ణీ వెదకండి, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి అని పంపించారు. కన్నీరు ఆగిన తర్వాత కాదు, కన్నీటితోనే పంపించారు. దుఃఖమూ ప్రయత్నమూ ఒకే మనిషిలో, ఒకే సమయంలో ఉండవచ్చునని అక్కడ నాకు తెలిసింది.

1908 సెప్టెంబరు 28

దర్జీ సోదరుడు వరద మాట ఎత్తాడు కనుక నా మనసు ఇంకో వరద మీదికి వెళ్ళింది. హైదరాబాదు పెద్దలు ఉర్దూలో 'తుగ్యానీ' అని చెప్పుకునే మూసీ వరద అది. 1908 సెప్టెంబరు 28, సోమవారం. హిజ్రీ 1326 రంజాన్ నెల అప్పుడే మొదలైంది. ఎడతెరిపి లేని వానకు ఎగువన రెండువందలకు పైగా చెరువులు తెగి, ఆ నీరంతా ఒక్కసారిగా నగరం మీద పడింది. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన కొట్టుకుపోయాయి. మృతులు 15,000 మంది దాకా ఉంటారని అంచనా. అఫ్జల్‌గంజ్ తోటలోని ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకుని 150 మంది దాకా బతికారు. తర్వాత ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చేరిన ఆ చెట్టు, వరదకు నూరేళ్ళు నిండిన 2008లోనూ నిలిచే ఉంది.

ఆ వరదలో బతికి బయటపడినవారిలో ఒక యువకుడున్నాడు. పేరు సయ్యద్ అహ్మద్ హుసేన్. కవిగా ఆయన కలం పేరు అమ్జద్. పుట్టిన కొద్ది రోజులకే తండ్రి పోతే తల్లే పెంచి పెద్ద చేసింది. ఆ తల్లి, భార్య, చిన్నారి కూతురు ముగ్గురూ ఆయన కళ్ళముందే నీటిలో కలిసిపోయారు. ఇంటిల్లిపాదిలో మిగిలింది తానొక్కడే.

సోదరులారా, ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. తండ్రిని ఎరుగని బిడ్డకు తల్లి అంటే ఏమిటి? ఆ తల్లిని, ఆలిని, బిడ్డను ఒకే పూట పోగొట్టుకున్న మనిషికి, మర్నాడు తెల్లవారిందంటే ఏమని అర్థం? రంజాన్ నెల నడుస్తోంది. సహరీకి లేపే తల్లి లేదు, ఇఫ్తారు వడ్డించే చేయి లేదు.

ఆయన ఆ గాయాన్ని దాచిపెట్టలేదు. ఆ వరద మీద 'ఖియామతె సుగ్రా' అనే దీర్ఘ కవిత రాశారు. చిన్న ప్రళయం అని ఆ పేరుకు అర్థం. అంటే తన మీద పడినదాన్ని దాని పేరుతోనే పిలిచారు. అదేమీ లేదన్నట్టు నటించలేదు. ఆ తర్వాత ఉద్యోగం చేశారు, మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు, హజ్ యాత్ర చేసి దాని గురించి ఒక పుస్తకం రాశారు. 'జమాలె అమ్జద్' అనే గ్రంథంలో తన జీవిత విశేషాలు చెప్పుకున్నారు. షేక్ సాదీ 'గులిస్తాన్'ను ఉర్దూలోకి తెచ్చారు. అన్నిటికన్నా మిన్నగా రుబాయీలు రాశారు.

రుబాయీ అంటే నాలుగు పాదాల చిన్న కవిత. మొదటి, రెండవ, నాలుగవ పాదాలకు ప్రాస కుదరాలి. మన వేమన ఆటవెలదిలో లోకాన్ని ఇమిడ్చినట్టు, నాలుగు పాదాల్లో ఒక జీవిత సత్యం ఇమడాలి. ఉర్దూలో రుబాయీ అనగానే గుర్తొచ్చే మొదటి కొద్ది పేర్లలో అమ్జద్ హైదరాబాదీ ఒకరు. ఆయనను 'హకీముష్షుఅరా' అని గౌరవించారు. కవులలో వివేకవంతుడని దాని భావం. మన ఉర్దూ వాడుకలో హకీం అంటే వైద్యుడు కూడా. రెండర్థాలూ ఆయనకు నప్పుతాయి. ఆయన రుబాయీల నిండా దైవం మీద భరోసా, మనిషి తన అల్పత్వాన్ని ఎరగడం, ఉన్నదానితో తృప్తి పడటం కనిపిస్తాయి. ఈ మాటలు సుఖంగా కూర్చున్నవాడు చెబితే వినబుద్ధి కాదు. మూసీలో సర్వస్వం పోగొట్టుకున్నవాడు చెబితే వినాలనిపిస్తుంది. 1961లో ఆయన కన్నుమూశారు. అంటే వరద తర్వాత ఇంకా యాభై రెండేళ్ళకు పైగా జీవించారు. ఉర్దూ లోకం ఈనాడు తలుచుకునే అమ్జద్‌లో అధిక భాగం ఆ యాభై రెండేళ్ళదే!

ఆ నగరం కూడా అంతే. నాటి నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ బాధితుల కోసం తన భవనాల తలుపులు తెరిపించారు, వంటశాలలు పెట్టించారు. అయితే అన్నం పెట్టడంతోనే పని ముగిసిందని అనుకోలేదు. వరద మళ్ళీ రాకుండా ఏం చేయాలో చెప్పమని 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని రప్పించారు. నదికి ఎగువన జలాశయాలు కట్టి వరద నీటిని నిలపాలని ఆయన సూచించారు. మహబూబ్ అలీఖాన్ 1911లో మరణించాక ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఆ పని జరిగింది. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లోనూ, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. మనుషులను ముంచిన నీరే తర్వాత తరాల దాహం తీర్చింది. పన్నెండేళ్ళు, పందొమ్మిదేళ్ళు పట్టింది. కష్టం వెంట సులభం ఉందని దివ్య ఖుర్ఆన్ 94వ సూరాలో రెండుసార్లు వస్తుంది. అది మర్నాడే వస్తుందని మాత్రం ఎక్కడా లేదు.

పాదం తట్టు, చెట్టు ఊపు

మరి దర్జీ సోదరుని ప్రశ్న అలాగే ఉంది. సబర్ ఎట్లా చేయాలి?

హజ్రత్ అయ్యూబ్ (అ) గాథ మనందరికీ తెలుసు. ఆరోగ్యం పోయింది, తనవారు దూరమయ్యారు. ఏళ్ళ తరబడి బాధపడి ఆయన మొరపెట్టుకుంటే అల్లాహ్ ఆలకించాడు. తలచుకుంటే ఆ క్షణమే రోగం మాయం చేయగలవాడు ఆయన. అలా చేయలేదు. సాద్ సూరాలో వస్తుంది చూడండి. నీ పాదంతో నేలను తట్టు అని ముందు ఆజ్ఞ అయింది. తర్వాతే చల్లని నీటి ఊట వెలువడింది. స్నానానికీ, తాగడానికీ ఆ నీరే అయింది.

హజ్రత్ మర్యమ్ (అలైహస్సలాం) ఖర్జూరపు చెట్టు కింద ఒంటరిగా పురిటి నొప్పులు పడుతూ, ఇంతకుముందే చనిపోయి ఉంటే బాగుండేదని అంగలార్చారు. ఆ మాట అన్నందుకు ఆమెను ఎవరూ మందలించలేదు. దుఃఖపడవద్దన్న ఓదార్పు వచ్చింది, కాళ్ళ దగ్గర సెలయేరు వచ్చింది. ఆ తర్వాత, చెట్టు మొదలు పట్టి ఊపమన్న ఆదేశం వచ్చింది. ఖర్జూరపు మాను ఎంత గట్టిదో చూసినవారికి తెలుసు. నలుగురు మగవాళ్ళు ఊపినా కదలదు. బాలింతరాలి చేతుల్లో ఏం బలం ఉంటుంది? పండ్లు రాల్చింది ఆ చేతుల బలం కాదు. అయినా చేయి చాపమన్నారు.

హజ్రత్ హాజిరా (అలైహస్సలాం) నీటి కోసం సఫా, మర్వా గుట్టల నడుమ ఏడుసార్లు పరుగెత్తారు. నీరు ఆ గుట్టల మీద దొరకలేదు. ఆమె వెతకని చోట, బిడ్డ పడుకున్న చోట, జమ్‌జమ్ ఉబికింది. పరుగు వృథా అయిందా? కాలేదు. ఆ పరుగునే అల్లాహ్ హజ్‌లో, ఉమ్రాలో భాగం చేశాడు. లోకంలోని చక్రవర్తులు కూడా అక్కడికి వెళ్ళి, ఒక ఒంటరి తల్లి ఆందోళనతో పరుగెత్తిన దారిలో నడవవలసిందే.

ఒకరికి పాదం తట్టమని, ఒకరికి చెట్టు ఊపమని. ఒకరు తనంతట తాను పరుగెత్తారు. ఈ మూడింటిలో ఏ పనీ ఆ కష్టాన్ని తీర్చగలిగేది కాదు. కాని ఆ చిన్న కదలిక తర్వాతే సాయం అందింది. సబర్ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదని, దుఃఖంలో ఉండగానే చేయగలిగిన చిన్న పని చేయడమని నాకు అర్థమైంది. ప్రళయం ముంచుకొచ్చే సమయంలో కూడా చేతిలో మొక్క ఉంటే, వీలైతే నాటేయమన్న ప్రవక్త (స) బోధనలోని మర్మం కూడా ఇదే కాబోలు. అమ్జద్ చేతిలో ఉన్న మొక్క కలం.

మరచిపోనక్కర లేదు

తర్వాతి శుక్రవారం ఈ సంగతులన్నీ ఆయనకు చెప్పాను. శ్రద్ధగా విన్నారు. చివరికి మెల్లగా, "అయితే ఆమెను మరచిపోవాలా మౌల్సాబ్?" అని అడిగారు. ఇన్నాళ్ళూ ఆయన కాళ్ళకు బంధం వేసింది ఈ భయమే. మిషన్ తొక్కితే ఆమెను విడిచిపెట్టినట్టవుతుందని!

దైవదౌత్యపు పదో సంవత్సరంలో, క్రీ.శ. 619 ప్రాంతంలో, ప్రవక్త (స) తమ అండ అయిన పినతండ్రి అబూతాలిబ్‌ను, పాతికేళ్ళ సహధర్మచారిణి హజ్రత్ ఖదీజా (రజి)ను కొద్ది వ్యవధిలోనే కోల్పోయారు. చరిత్రకారులు దానికి 'ఆముల్ హుజ్న్', దుఃఖ సంవత్సరం అని పేరు పెట్టారు. దాని తర్వాతే తాయిఫ్ ప్రజలు రాళ్ళు రువ్వి నెత్తురు కార్పించారు. ఆ వెనుకనే మేరాజ్ గౌరవం ప్రాప్తించింది. 622లో మదీనా ద్వారాలు తెరుచుకున్నాయి. కొన్నేళ్ళకు అదే తాయిఫ్ ఇస్లాం స్వీకరించింది.

ఇంతటి కార్యభారంలో కూడా ఆయన ఖదీజా (రజి)ను మరచిపోలేదు. ఇంట్లో మేకను జబహ్ చేస్తే ఆమె స్నేహితురాళ్ళ ఇళ్ళకు మాంసం పంపేవారు. బద్ర్ యుద్ధం తర్వాత, ఖైదీగా పట్టుబడిన భర్తను విడిపించుకోవడానికి కుమార్తె జైనబ్ (రజి) ఒక హారం పంపారు. అది పెళ్ళినాడు తల్లి ఖదీజా (రజి) ఇచ్చిన హారం. దాన్ని చూడగానే ప్రవక్త (స) హృదయం ద్రవించింది. సహచరుల అనుమతితో ఆ హారాన్ని తిరిగి పంపించివేశారు. పోయినవారిని మనసులో పెట్టుకునే ముందుకు నడవవచ్చు. వారి పేరిట పెట్టే ఒక ముద్ద, చేసే ఒక మేలు, ఆ ప్రేమకు కొనసాగింపు.

ఇది విని దర్జీ సోదరుడు చాలాసేపు ఏడ్చారు. నేను ఈసారి సబర్ చేయమని అనలేదు.

మన వంతు

ఈ సందర్భంగా నాకు నేను చెప్పుకున్న కొన్ని విషయాలు పాఠకులతో పంచుకుంటాను.

మొదటిది, మాటకు ముందు అన్నం. మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులైన వార్త వచ్చినప్పుడు ప్రవక్త (స) ఉపన్యాసం ఇవ్వలేదు. జాఫర్ ఇంటివారికి వంట చేసి పంపండి, వారు దుఃఖంలో మునిగి ఉన్నారని చెప్పారు. హజ్రత్ ఆయిషా (రజి) దుఃఖంలో ఉన్నవారికి 'తల్బీనా' అనే బార్లీ జావ కాచి ఇప్పించేవారు. అది మనసుకు ఊరట ఇస్తుందని ప్రవక్త (స) చెప్పగా ఆమె విన్నారు. మన దగ్గర చావు ఇంట్లోనే వచ్చినవారికి వంటలు వండిస్తున్నారంటే ఎంత తలకిందులైపోయామో ఆలోచించండి.

రెండవది, మూడు రోజులు కాదు, మూడు నెలల తర్వాత వెళ్ళండి. మొదటి వారం ఇల్లు జనంతో నిండి ఉంటుంది. అసలు ఒంటరితనం ఆ తర్వాతే మొదలవుతుంది. నేను చేసిన పొరపాటు ఇదే. ఒక ఫోనుతో సరిపెట్టుకున్నాను.

మూడవది, సందేహాన్ని నేరంగా చూడకండి. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) భర్త పోయినప్పుడు, ఇంతకన్నా మేలైనది ప్రసాదించమని దుఆ చేయాలని ప్రవక్త (స) నేర్పారు. ఆమె దుఆ చేశారు. కాని అబూ సలమా కన్నా మేలైనవారు ఎవరుంటారని తన మనసులో అనుకున్నట్టు ఆమే స్వయంగా చెప్పారు. అంత గొప్ప మహిళకే మనసు వెంటనే ఒప్పలేదు. నోరు పలికినదాన్ని మనసు అందుకోవడానికి కాలం పడుతుంది. ఆమె దుఆ మాత్రం ఫలించింది, విశ్వాసుల మాతృమూర్తి అయ్యారు.

నాలుగవది, వైద్యం. దుఃఖం నెలల తరబడి నిద్రను, ఆకలిని తినేస్తుంటే, బతకాలన్న ఇష్టమే పోతుంటే, అది దైవభక్తి లోపం కాదు. డాక్టరుకు చూపించవలసిన స్థితి. వైద్యం చేయించుకోండి, అల్లాహ్ ప్రతి రోగానికీ మందు సృష్టించాడని ప్రవక్త (స) ఎడారివాసులకు చెప్పారు. మనసు రోగం అందులోంచి మినహాయింపు కాదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం 'టెలి మానస్' పేరిట 14416 నంబరుతో మానసిక ఆరోగ్య సహాయ సేవ ప్రారంభించింది. ఆ నంబరుకు ఫోన్ చేయడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఒక చిన్న గౌను

2022లో రంజాన్ నెల ఏప్రిల్ మొదటి వారంలో వచ్చింది. ఒక రోజు తరావీ నమాజుకు వెళుతుంటే దర్జీ దుకాణంలో దీపం కనిపించింది. లోపల ఆయన మిషన్ ముందు కాదు, నేల మీద చాప వేసుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఆకుపచ్చ గుడ్డ. వీధి చివర ఇళ్ళలో పాచిపని చేసుకునే ఒక తల్లి, పండక్కి తన బిడ్డకు గౌను కుట్టి ఇమ్మని వచ్చిందట. దుకాణం మూసేశానని ఆయన చెప్పారట. "అయ్యో, అక్క ఉంటే కాదనేది కాదు" అని ఆమె వెళ్ళబోయిందట. వెనక్కి పిలిచి గుడ్డ తీసుకున్నారు.

కుట్టు మధ్యాహ్నమే అయిపోయింది. ఇప్పుడు కాజాలు తీస్తున్నారు. పదకొండు నెలల క్రితం వరకూ భార్య చేసిన పని. వేళ్ళకు అలవాటు లేదు. సూది గుచ్చుకుని రెండుచోట్ల నెత్తురు వచ్చింది. నన్ను చూసి గౌను ఎత్తి చూపించారు.

"ఆమె కుట్టినట్టు రాలేదు మౌల్సాబ్. రెండుసార్లు విప్పి మళ్ళీ కుట్టాను."

నేను చేతిలోకి తీసుకుని చూశాను. నిజమే, కాజాలు వంకరగానే ఉన్నాయి. అయినా గుండీ పట్టింది.

ఆ ఏడు పండగనాడు ఈద్గాలో ఆ పాప ఆ గౌను వేసుకుని కనిపించింది. దర్జీ సోదరుడు కుట్టుకూలి తీసుకోలేదు. అది ఆమె పేరిట సదఖా అన్నారు. ఆ తర్వాత ప్రతి రంజాన్‌కూ తల్లిలేని పిల్లలకు ఆయన కొన్ని జతలు ఉచితంగా కుడుతున్నారు. ఆమె గుర్తొచ్చినప్పుడు ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటారు. మిషన్ మాత్రం ఆపరు.

వరద తీసిన తర్వాత నదీతీరాన మిగిలేది బురద. మా కర్నూలువాళ్ళకు 2009 అక్టోబరు నుంచి అది బాగా తెలుసు. ఆ బురదను ఒక్కరోజులో ఎవరూ ఎత్తిపోయలేరు. ఒక తట్ట, మరో తట్ట, అంతే. మొదటి తట్ట ఎత్తడానికి శక్తి లేనివారు మన వీధిలో ఎవరైనా ఉంటే, ఈ శుక్రవారం నమాజు నుంచి ఇంటికి వెళ్ళేముందు వారి తలుపు తట్టండి. చెప్పడానికి మాటలు లేకపోతే ఊరికే పక్కన కూర్చోండి.

దుఃఖంలో ఉన్న ప్రతి హృదయానికీ ఆ కరుణామయుడు తొలి అడుగు వేసే శక్తిని, తోడు నిలిచే మనిషిని ప్రసాదించుగాక! ఆమీన్.